గేటుకు రెండు తాళాలు, స్నానాల గదికి గడియ లేదు

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'బాలికల గృహాలు - చట్టం' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. చట్టం గురించి నాకంటే బాగా చెప్పగలిగిన లాయర్లు ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. అందుకని చట్టం గురించి తక్కువగా, ఒక రోజు గురించి ఎక్కువగా చెబుతాను. బాలికల గృహంలో పొద్దున అయిదు గంటలకు గంట కొట్టిన దగ్గర నుంచి మర్నాడు మళ్ళీ గంట కొట్టే దాకా ఏం జరుగుతుందన్నది. మనం రాసుకునే నివేదికల్లో ఆ రోజు ఉండదు. గోడలు, ఫ్యాన్లు, మరుగుదొడ్ల లెక్క, వంటగది శుభ్రత ఉంటాయి. అవి అక్కర్లేదని కాదు. కానీ ఆ పిల్లలు బతికేది గోడల్లో కాదు, గంటల్లో.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కింద పాలమూరు వైపు ఒక ఊళ్ళో బాల్య వివాహం ఆపిన బృందంలో నేనూ ఉన్నాను. పిల్లకు పదిహేనేళ్ళు. పెళ్ళి ఇంకో రెండు రోజులుందనగా ఎవరో ఫోన్ చేసి చెప్పారు. పోలీసులు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, మేం నలుగురం కలిసి వెళ్ళాం. తల్లిదండ్రులు కాగితం మీద సంతకాలు పెట్టారు. అయినా మేం వెనక్కి తిరగ్గానే ఏ గుళ్ళోనో తాళి కట్టించేస్తారని మాకు భయం. పెళ్ళి ముప్పు ఉన్న పిల్ల కూడా సంరక్షణ అవసరమైన బాలల కిందికే వస్తుందని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి కాబట్టి పరిచాం. కమిటీ ఆమెను గృహానికి పంపింది. మేం ఇళ్ళకు పోయి అన్నాలు తిని నిద్రపోయాం. ఆ మూడు నెలల నివేదికలో 'ఒక బాల్య వివాహం నిలుపుదల' అని రాసుకున్నాం.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో పని మీద, అంటే నా పరిశోధన పని మీద, అనుమతి తీసుకుని నేను అదే గృహానికి వెళ్ళాను. వరండాలో ఒక పెద్దపిల్ల చిన్నపిల్లను ముందు కూచోబెట్టుకుని పేలు చూస్తోంది. నేను గుర్తు పట్టలేదు, జుట్టు కత్తిరించి ఉంది. ఆమే నన్ను గుర్తు పట్టి అడిగింది: "పెండ్లి ఆపిన్రు, మంచిగైంది మేడం. మల్ల నన్నెందుకు లోపట ఏసిన్రు?"

ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు చెప్పుకుంటున్న జవాబే అనుకోండి. ఆమె పేరు చెప్పను. పిల్లల వివరాలు బయట పెట్టకూడదని చట్టంలో 74వ సెక్షన్ ఉంది. అది లేకపోయినా చెప్పేదాన్ని కాదు. గృహం పేరు కూడా చెప్పను. ఏడాదిన్నర పాటు రెండు గృహాలకు వెళ్ళి వచ్చాను. ఒకటి ప్రభుత్వానిది, రెండోది ఒక సంస్థ నడిపేది. మీలో కొందరు గృహాలు నడుపుతున్నారు, కొందరు వాటిలో పనిచేస్తున్నారు. నేను చెప్పేది మీ గృహం గురించి కాకపోవచ్చు. అయితే సంతోషమే.

పొద్దున అయిదింటికి గంట. బోరు నీళ్ళు ఆరున్నర దాకానే వస్తాయి కాబట్టి గంటకు ముందే లేచి బకెట్టు వరసలో పెట్టి మళ్ళీ వచ్చి పడుకుంటారు. బకెట్ల మీద గోళ్ళరంగుతో పేర్లు రాసుకున్నారు. గోళ్ళరంగు గృహంలో నిషేధం, అయినా ఎలాగో వస్తుంది, బకెట్ల మీదికి చేరుతుంది. అరవై మందికి పైగా పిల్లలు, ఆరు స్నానాల గదులు. పెద్దపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే గదిలోకి పోతారు. నీళ్ళు చాలక అని సూపరింటెండెంట్ చెప్పారు. అసలు సంగతి వేరు, తలుపులకు గడియలు లేవు. ఒకరు స్నానం చేస్తుంటే ఒకరు తలుపుకు వీపు ఆనించి నిలబడాలి. బహిష్టు రోజుల్లో ఆ కాపలా స్నేహితురాలు లేని పిల్ల స్నానం మానేస్తుంది. గడియలు ఎందుకు లేవని అడిగాను. ఎప్పుడో ఒక పిల్ల లోపల గడియ పెట్టుకుని చెయ్యి కోసుకుందట, అప్పటి సూపరింటెండెంట్ అన్నీ పీకించేశారట. ఆ పిల్ల ఎందుకు చెయ్యి కోసుకుందో ఎవరికీ గుర్తు లేదు. గేటుకు మాత్రం రెండు తాళాలు. ఒకటి పాతది, ఒకటి కొత్తది, పాతది తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ఏడింటికి ప్రార్థన, ఆ వెంటనే లెక్క. 'లెక్క' అన్న మాట ఆ గృహంలో ఎన్నిసార్లు వింటామో! పొద్దున లెక్క, బడి నుంచి రాగానే లెక్క, రాత్రి తలుపులు వేసే ముందు లెక్క. ఆఫీసు గదిలో ఒక నల్లబల్ల మీద రోజూ రాస్తారు: ఉన్నవారు ఇందరు, ఆసుపత్రిలో ఇందరు, సెలవులో ఇందరు, పారిపోయినవారు ఇందరు. పారిపోయినవారి గడిలో నేను చూసినన్నాళ్ళూ సున్నా ఉంది. సూపరింటెండెంట్ ఆ సున్నాను నాకు చూపించి "మా దగ్గర అసలు సమస్యే లేదు మేడం" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పటం లేదు. ఆ బల్ల మీద ఇంకే సమస్యకూ గడి లేదు.

జుట్టు సంగతి. చేరిన రోజే కత్తిరిస్తారు. పేలు, గజ్జి అంటుకుంటాయని. పేలకు మందు ఉంది, సన్నపళ్ళ దువ్వెన ఉంది, అవి రెండూ ఓపికతో చేసే పనులు. కత్తెర అయిదు నిమిషాల పని. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు జడ పోవటమంటే ఏమిటో మన ఇళ్ళల్లో ఆడపిల్లలు ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. దానికి మించిన ఇబ్బంది ఒకటి ఉంది. ఆ జుట్టుతో రోడ్డు మీద వరసగా నడిచి బడికి పోతుంటే చూసేవాళ్ళందరికీ తెలిసిపోతుంది, 'హోమ్ పిల్లలు' అని. బళ్ళో కూడా అదే పేరు. ఏదన్నా పోతే మొదట వాళ్ళ సంచులే వెతుకుతారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నాతో అంది: "మా క్లాసులో అందరికి పేర్లున్నయక్కా, మాకు మాత్రం అందరికి కలిపి ఒకటే పేరు." మేడం అనటం మానేసి అక్కా అనటానికి ఆ పిల్లకు నాలుగు నెలలు పట్టింది.

అందరూ బడికి పోరు. కోర్టు కేసు ఉన్నవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు, 'పంపితే తిరిగి రాదు' అని అనుమానం ఉన్నవాళ్ళు లోపలే ఉంటారు. వాళ్ళకు కుట్టుమిషన్, అగరుబత్తీలు, ఇప్పుడు బ్యూటీషియన్ కోర్సు కూడా. టీచరు రాని రోజుల్లో కూరగాయలు తరగటం, చిన్నపిల్లలకు స్నానాలు పోయటం, బియ్యంలో రాళ్ళు ఏరటం. దీన్ని రిజిస్టరులో 'గృహ నిర్వహణ శిక్షణ' అని రాస్తారు. అదే ఊళ్ళో మగపిల్లల గృహానికి కూడా ఒకసారి వెళ్ళాను. అక్కడ మంచి పరిస్థితులున్నాయని చెప్పను, దెబ్బలు ఎక్కువ. కానీ సాయంత్రం నాలుగున్నరకు గేటు తీసి పిల్లల్ని గ్రౌండుకు వదులుతారు. ఆడపిల్లల గృహంలోనూ ఆటస్థలం ఉంది. అందులో బట్టలు ఆరవేస్తారు.

తిండి విషయంలో ఈ పాతికేళ్ళలో మార్పు వచ్చింది. గుడ్డు ఇస్తున్నారు, ఆదివారం కోడికూర పెడుతున్నారు. రుచి మాట పిల్లలు చెప్పాలి. పాలమూరు పిల్లలకు జొన్నరొట్టె మీద ప్రాణం, పచ్చిపులుసు మీద ప్రాణం. ఇంత చింతపండు ఎవరైనా తెచ్చిస్తే దానికి ఉప్పూ కారం అద్ది పదిమంది పంచుకుంటారు. తనిఖీల్లో పట్టుబడే వస్తువుల్లో చింతపండు కూడా ఉంటుంది.

తనిఖీ అంటే పెట్టెల తనిఖీ. ప్రతి పిల్లకూ ఒక రేకు పెట్టె ఇస్తారు, కానీ తాళం వేసుకోకూడదు. నెలకోసారి చెప్పకుండా వచ్చి పెట్టెలన్నీ గుమ్మరిస్తారు. ఒకరోజు నేనక్కడ ఉండగానే జరిగింది. బయటపడినవి: పగిలిన అద్దం ముక్క, సిమ్ కార్డు ఒకటి (ఫోన్ లేదు, వట్టి సిమ్ కార్డే), ఒక అబ్బాయి పాస్‌పోర్టు సైజు ఫోటో, ఎవరో చీర అంచు చించిన గుడ్డ. ఆ గుడ్డ వాళ్ళమ్మ చీరదట. ఫోటో, సిమ్ కార్డు సూపరింటెండెంట్ గదికి పోయాయి. గుడ్డ ముక్క తుడుచుకునే గుడ్డల్లో కలిసింది. ఏడ్చింది గుడ్డ పోయిన పిల్ల. ఫోటో పోయిన పిల్ల ఏడవలేదు, ఆమెకు ఇది మూడోసారి.

ఉతికిన బట్టలు తాడు మీద నుంచి ఎవరికి దొరికింది వాళ్ళు వేసుకుంటారు. లోబట్టలకు దారంతో గుర్తు కుట్టుకుంటారు. ఎవరి గుర్తు వాళ్ళకు తెలుసు: గుండ్రం, నక్షత్రం, రెండు గీతలు. కుట్టు క్లాసులో వాళ్ళు నేర్చుకున్నదాంట్లో నిజంగా పనికొచ్చింది అదేనేమో.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 'డేట్ల బుక్కు' అని ఒకటుంది. ప్రతి పిల్లకూ నెలసరి ఎప్పుడు వచ్చిందో అందులో రాస్తారు. ప్యాడ్లు ప్యాకెట్టుగా ఇవ్వరు, హౌస్ మదర్‌ను అడిగితే రెండేసి చొప్పున ఇస్తారు, వాడింది పారేశానని చెప్పి మళ్ళీ రెండు తీసుకోవాలి. రక్తహీనత ఉందేమో చూసి మందులిద్దామన్న ఉద్దేశంతో పెట్టిన పుస్తకం అయితే నేను మెచ్చుకునేదాన్ని. అది అందుకు కాదు. నెల తప్పిన పిల్లను కనిపెట్టటానికి. బడికి వెళ్ళే పిల్ల ఒకతెకు రెండు వారాలు ఆలస్యమైతే ఆసుపత్రికి తీసుకుపోయి మూత్ర పరీక్ష చేయించారు. పరీక్ష దేనికో ఆమెకు చెప్పలేదు. తిరిగి వచ్చాక తోటిపిల్లలు చెప్పారు. ఆమెకు పదమూడేళ్ళు. పిల్లల ఆంతరంగికత, గోప్యత కాపాడాలన్నది చట్టం మూడో సెక్షన్‌లోనే రాసిన మూలసూత్రాల్లో ఒకటి. ఆ సూత్రాలు ఇంగ్లీషులో ఫ్రేము కట్టి ఆఫీసు గదిలో గోడకు తగిలించి ఉన్నాయి.

ఉత్తరాలు విప్పి చదివి ఇస్తారు. ఫోను ఆదివారం, అయిదు నిమిషాలు, స్పీకర్ పెట్టి. స్పీకర్ ఎందుకంటే అబ్బాయిలు 'అన్నయ్యను' అని చెప్పి మాట్లాడతారట. సరే. ఒక ఆదివారం నేను పక్కన ఉండగా ఒక తండ్రి ఫోన్ చేశాడు. మేనమామ మీద కేసు నడుస్తోంది. "కోర్టుల ఏం జరగలేదని చెప్పు, ఎల్లుండే ఇంటికి తీస్కపోత" అంటున్నాడు. గదిలో అందరికీ వినిపిస్తోంది. ఎవరూ ఫోన్ తీసుకోలేదు, ఎవరూ ఏమీ రాసుకోలేదు. తండ్రి కదా. అబ్బాయి గొంతు అయితే రెండో మాటకే ఫోను కట్ చేసేవాళ్ళు.

నేను చదువుకున్న సోషియాలజీలో ఇలాంటి చోట్లకు ఒక పేరుంది. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో రాసిన పుస్తకంలో పిచ్చాసుపత్రి, జైలు, సైనిక శిబిరం వంటివాటిని ఒక గాటన కట్టి చూశాడు. నిద్ర, పని, ఆట అన్నీ ఒకే కప్పు కింద, ఒకే అధికారం కింద, గంట కొట్టినట్టు జరిగిపోయే చోట్లు. అవి కుటుంబ జీవితానికి పూర్తిగా ఎదురు నిలిచేవని అంటాడు. నేను కూడా మొదట్లో ఆ చూపుతోనే వెళ్ళాను. ఆర్నెల్లు గడిచాక నాకు అనుమానం మొదలైంది. ఉత్తరాలు విప్పటం, నెలసరి లెక్క పెట్టటం, ఫోను వినటం, ఆలస్యమైతే నిలదీయటం, ఇవన్నీ జైలు నుంచి తెచ్చుకున్నవా? మన ఇళ్ళల్లో చేసేవే కదా. మగపిల్లల విషయంలో ఇల్లు వేరు, గృహం వేరు కావచ్చు. ఆడపిల్లల విషయంలో గృహం ఇంటి దగ్గరే పాఠం నేర్చుకుంది. అందుకే గృహంలో పనిచేసే ఆడవాళ్ళెవరికీ తాము చేస్తున్నది తప్పని అనిపించదు. "మా అమ్మాయినైనా ఇలాగే చూస్తాను" అని నాతో నలుగురైదుగురు అన్నారు. నిజమే చెప్పారు.

వాళ్ళ గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. హౌస్ మదర్‌ను పిల్లలు 'అమ్మ' అనాలి. రూలు కాదు, అలవాటు. నాకు పరిచయమైన అమ్మ ముప్పై ఏడేళ్ళ మనిషి, మొగుడు వదిలేశాడు. ఏజెన్సీ ద్వారా ఉద్యోగం, జీతం మూడేసి నెలలకు ఒకసారి వస్తుంది. ముప్పై మంది పిల్లలకు రాత్రిపూట ఆమె ఒక్కతే. "నా బిడ్డను మా అమ్మ కాడ ఇడిసి, ఊరోళ్ళ బిడ్డల్ని కాస్తున్నమ్మా" అంది. ఆమె ఒక మాట చెప్పింది, దాన్ని మీరు రాసుకోవాలి. ఒక పిల్ల పారిపోతే ఆమెకు మెమో వస్తుంది, ఉద్యోగం పోతుంది. ఒక పిల్ల తెల్లవార్లూ ఏడిస్తే ఏమీ రాదు. ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చి, ఇంకొకతె గోడ ఎక్కుతున్న రాత్రి ఆమె ఎటు పరిగెత్తాలి? ఆమె గోడ దగ్గరికే పరిగెత్తుతుంది. ఆమె చెడ్డది కావటం వల్ల కాదు. ఆమె ఎనిమిది గంటల పని గురించి, జీతం గురించి మనం ఎప్పుడన్నా ఒక తీర్మానం చేశామా? బాలల హక్కులు ఒక ఫైలు, శ్రామిక స్త్రీలు ఇంకో ఫైలు.

శని, ఆదివారాల్లో దాతలు వస్తారు. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, తద్దినాలు. బిర్యానీ, కేకు. పిల్లలు వరసగా నిలబడి పాట పాడాలి, ఎవరి పుట్టినరోజైతే ఆ పిల్లవాడికి 'హ్యాపీ బర్త్‌డే' చెప్పాలి. ఫోటోలు దిగాలి, 74వ సెక్షన్ ఆ పూటకు సెలవు పుచ్చుకుంటుంది. గృహంలో చాలామంది పిల్లలకు తమ పుట్టినరోజు తెలియదు. బడి సర్టిఫికెట్టు, పుట్టిన సర్టిఫికెట్టు లేకపోతే ఎముకల పరీక్ష చేసి వయసు తేలుస్తారు. ఆ రిపోర్టులో ఏళ్ళు ఉంటాయి గానీ తేదీ ఉండదు. ఆఫీసులో వేసిన తేదీ అందరికీ జనవరి ఒకటి. బిర్యానీ బాగుంటుందని పిల్లలు చెబుతారు, నేను కాదనను. కానీ ఒక ఆదివారం మూడు కుటుంబాలు వచ్చాయి. మూడోసారి పాడమన్నప్పుడు ఒక చిన్నపిల్ల నిలబడే నిద్రపోయింది.

రాత్రి తొమ్మిదింటికి లెక్క అయ్యాక హాలుకు బయట నుంచి గ్రిల్లు వేసి తాళం పెడతారు. ఆ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ గేటు దగ్గర. నిప్పు అంటుకుంటే ఏమిటని అడిగాను. "అట్లాంటివి ఇక్కడ జరగవు" అన్నారు. లైట్లు ఆర్పరు. 2016 నాటి నిబంధనల ప్రకారం పడక హాల్లో పిల్లకు 40 చదరపు అడుగుల చోటు ఉండాలి. అంత లేదు, ఉన్నా పిల్లలు ఇద్దరిద్దరు ఒకే మంచం మీద పడుకుంటారు, భయానికో, చలికో, ప్రేమకో. అందులో కొన్ని జంటల్ని విడదీసి వేరే హాల్లో వేస్తారు, 'బాగా స్నేహంగా ఉన్నారు' అని. గృహంలో స్నేహం ఒక నేరమవటం మొదటిసారి అక్కడే చూశాను.

ఇదంతా విని గృహాలు మూసెయ్యాలని నేనంటున్నానని అనుకోకండి. అక్కడే ఒక పిల్ల ఉంది, తండ్రి మీదే కేసు. ఆమె నాతో, "ఇక్కడికి వచ్చినాక రాత్రి నిద్ర పడుతుంది" అంది. అదొక్కటి చాలు గృహం ఉండటానికి. అయితే ఆ పిల్లను ఇంకేం కావాలని అడిగితే బాత్రూముకు గడియ కావాలంది. గేటు తాళాల గురించి ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు, తండ్రి బయట ఉన్నాడు. తాళం ఎటువైపు నుంచి వేస్తారన్నది ఆ పిల్లకు తెలిసినంత స్పష్టంగా మనకు తెలియదు. ఆమెకు లోపలి నుంచి వేసుకోగలిగిన గడియ కావాలి. మనం ఆమెకు బయట నుంచి ఇంకో తాళం ఇస్తున్నాం.

మిగతా పిల్లలు ఎవరు? అనాథలు తక్కువ. చాలామందికి తల్లో తండ్రో, ఎవరో ఒకరున్నారు. పేదరికం వల్ల వచ్చినవాళ్ళు, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వచ్చినవాళ్ళు, ఇళ్ళల్లో పనికి పెడితే తప్పించుకుని వచ్చినవాళ్ళు. వీళ్ళు కాక పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు కొందరు, అబ్బాయితో వెళ్ళిపోయినవాళ్ళు. 2012లో పోక్సో చట్టం వచ్చినప్పుడు వయసు 18 చేశారు. అంతకు ముందు అంగీకార వయసు 16. ఈ పిల్లలు తల్లిదండ్రుల దగ్గరికి పోమంటారు, చంపేస్తారని భయం. ఆ భయం ఉట్టిది కాదు, ముఖ్యంగా అబ్బాయి దళితుడైనప్పుడు. అబ్బాయి జైల్లో, అమ్మాయి గృహంలో. తేడా ఏమిటంటే అబ్బాయికి బెయిలు ఉంటుంది. అమ్మాయికి రెండే దారులు, స్టేట్‌మెంటు మార్చి తండ్రి వెంట వెళ్ళటం లేదా 18 నిండే దాకా రోజులు లెక్కపెట్టటం. ఆమె ఏ నేరమూ చెయ్యలేదని అన్ని కాగితాల మీదా ఉంటుంది.

ఆడపిల్లకు ఆశ్రయం అనేది మనకు కొత్త కాదు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టారు. మద్రాసులో యామినీ పూర్ణతిలకం కళావంతుల ఆడపిల్లల కోసం శరణాలయం నడిపింది, ఆమె ఆ కుటుంబాల్లోంచే వచ్చింది. వాళ్ళను తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు, ఆ రోజుల్లో వాళ్ళకు ఎదురైన దూషణలు మనం పడలేం. కానీ కాపాడటం, బాగుచెయ్యటం అన్న రెండు మాటల్ని వాళ్ళు విడదీయలేదు, మనమూ ఇంకా విడదీయలేదు. 1981లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ ఆగ్రాలోని రక్షణ గృహంలో స్త్రీల దుస్థితి గురించి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. అంతకు రెండేళ్ళ ముందు మథుర కేసులో బహిరంగ లేఖ రాసినవాళ్ళలో వాళ్ళిద్దరూ ఉన్నారు. మథుర మన ఉద్యమాల చరిత్రలో ఉంది. ఆగ్రా గృహం ఎంతమందికి గుర్తుంది?

2018లో ముజఫర్‌పూర్ సంగతి బయటపడినప్పుడు మనమంతా రోడ్ల మీదికి వచ్చాం. 2020 ఫిబ్రవరిలో ప్రధాన ముద్దాయికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ గృహానికి కూడా తనిఖీలు జరుగుతూ ఉండేవి. టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం వెళ్ళి పిల్లలతో మాట్లాడినందువల్ల బయటికి వచ్చింది. మరి ఆ తర్వాత నేను చూసిన గృహాల్లో ఏం మారిందంటే గోడ రెండడుగులు లేచింది, వరండాలో సీసీ కెమెరాలు వచ్చాయి. పిల్లలతో మాట్లాడటం పెరగలేదు.

చట్టం ఆ మాట్లాడటానికి చోటు ఇచ్చింది. కమిటీ నెలకు కనీసం రెండుసార్లు గృహానికి వెళ్ళి చూడాలి. జిల్లా తనిఖీ బృందం మూడు నెలలకోసారి వెళ్ళాలి, అందులో ఒక స్త్రీ ఉండాలి, ఒక డాక్టరు ఉండాలి. నిబంధనల ప్రకారం వయసులవారీగా పిల్లల కమిటీలుండాలి. పిల్లల పడక హాళ్ళ దగ్గర, ఆఫీసుకు దూరంగా ఒక సలహాల పెట్టె పెట్టాలి. దాని తాళంచెవి నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి, వారానికోసారి పిల్లల ఎదుటే తెరవాలి. నేను వెళ్ళిన మొదటి గృహంలో ఆ పెట్టె సూపరింటెండెంట్ గది తలుపు పక్కనే ఉంది, తాళంచెవి సూపరింటెండెంట్ బల్ల సొరుగులో ఉంది. రెండో గృహంలో పెట్టెకు తాళం లేదు, లోపల దాతల రసీదు పుస్తకాలున్నాయి.

ఇక మా పిల్ల సంగతి. విచారణ నాలుగు నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది. ఎనిమిది నెలలు ఎందుకైందంటే ఎవరూ అడగలేదు కాబట్టి. తల్లిదండ్రులకు కోపం, మాకు వేరే కేసులు. మధ్యలో వాళ్ళ తాత చనిపోయాడు. ఇంట్లో చావు జరిగితే ఏడు రోజుల దాకా సెలవు మీద పంపవచ్చని చట్టంలో ఉంది. దరఖాస్తు పెట్టాలని పిల్లకు తెలియదు. నేను కమిటీ ముందుకు వెళ్ళినప్పుడు అధ్యక్షురాలు ఆమెను అడిగారు, నువ్వు ఎక్కడ ఉంటావమ్మా అని. ఆమె వెంటనే చెప్పింది, పక్కూళ్ళో అమ్మమ్మ ఉంది, ఆ మండలంలోనే కస్తూర్బా బడి ఉంది, అక్కడ చదువుకుని సెలవులకు అమ్మమ్మ దగ్గర ఉంటానని. ఆ అమ్మమ్మ మొదటి నుంచీ పెళ్ళి వద్దన్న మనిషి. ఫోన్ చేసి పెళ్ళి సంగతి మాకు చెప్పించింది ఆమేనని అప్పుడు తెలిసింది. ఆ రోజు రాత్రి మేం పోలీసు జీపులో కూచోబెట్టి తీసుకుపోయిన దారిలోనే ఆమె ఇల్లు ఉంది. పిల్లను ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు కస్తూర్బాలో చదువుతోంది. బంధువుల దగ్గర ఉండే పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది, దానికి దరఖాస్తు పెట్టాం, డబ్బు ఇంకా మొదలు కాలేదు. జుట్టు భుజాల దాకా పెరిగింది. నాతో మాట్లాడుతుంది గానీ మునుపటి చనువు లేదు. ఉండాలని నేనూ అనుకోవటం లేదు.

గడియల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మొదటి గృహంలో పిల్లల కమిటీ పేరు కాగితం మీద ఉండేది, దాన్ని ఒకసారి నిజంగా కూచోబెట్టాం. వాళ్ళు రాసిన మొదటి ఫిర్యాదు గడియల గురించే. పై ఆఫీసుకు ఉత్తరం, ఎస్టిమేటు, మళ్ళీ ఉత్తరం, నాలుగు నెలలు పట్టింది. వడ్రంగి వచ్చి ఆరు తలుపులకు ఆరు గడియలు ఒక పూటలో బిగించి వెళ్ళాడు. అవసరమైతే బయటి నుంచి కూడా తీయగలిగే రకం ఉంటుంది, అది వేయించారు, చెయ్యి కోసుకుంటారన్న భయానికి సమాధానంగా. రెండో గృహంలో ఇంకా లేవు. రేపు పది గంటలకు మనలో అయిదుగురికి అక్కడికి వెళ్ళటానికి అనుమతి దొరికింది. వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి. ఫోన్లు ఇక్కడే పెట్టి రావాలి, ఫోటోలు లేవు. వెళ్ళగానే ఆఫీసు గదిలో కుర్చీలు వేసి టీ ఇస్తారు. టీ తర్వాత తాగవచ్చు, ముందు పెరటివైపు వెళ్దాం.